గ్రీకు బేకరీలో నాన్న పేరు

ఫ్లోరిడా,
శుక్రవారం సాయంత్రం

అక్కకి,

నీ చెల్లెలు పద్మ దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, రవీ, హాసినీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? మూకుడు దగ్గర చేతి మీద నూనె చిందిందన్నావు, మానిందా? బావగారు బీపీ మాత్ర తనంతట తనే వేసుకుంటున్నారా, నువ్వు గుర్తు చేస్తేనేనా? కంటి ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మకి చూపు ఎలా ఉంది? అన్నీ వివరంగా రాయి.

హాసినిని స్కూల్లో దింపి నేను ఫోన్ తీసే వేళకి కాకినాడలో నీ కర్రీ పాయింట్ ముందు జనం నిలబడి ఉంటారు. నీకు ఒక చెవి నా మాట మీద, ఒక చెవి పొయ్యి మీద. "రాసి పంపవే, మధ్యాహ్నం గిన్నెలు సర్దాక కూర్చుని చదువుకుంటాను" అన్నావు కదా, అందుకే ఇలా కూర్చున్నాను.

ముందు అసలు కబురు. నాకు ఉద్యోగం దొరికింది. వర్క్ పర్మిట్ వచ్చిందని చలికాలంలోనే చెప్పాను. గ్రీన్ కార్డ్ ఇంకా లైన్‌లోనే ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. పర్మిట్ చేతికొచ్చినా ఇన్నేళ్లు ఇంట్లోనే ఉన్నదానికి ఎవరిస్తారు పని అని నేనే ఆశ వదులుకున్నాను. రవి ఆఫీస్‌కి, పిల్ల స్కూల్‌కి వెళ్లాక, మళ్లీ వాళ్లు వచ్చేదాకా ఒక్కోరోజు నా గొంతు నాకే వినపడేది కాదు. ఇప్పుడు చూస్తే రోజంతా మాట్లాడటమే నా పని.

మా ఇంటికి కాస్త దూరంలో టార్పన్ స్ప్రింగ్స్ అని చిన్న రేవు ఊరు ఉంది. చాలాకాలం కిందట గ్రీసు దీవుల నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. సముద్రం అడుగున స్పాంజి పెరుగుతుంది, ఒళ్లు తోముకోవడానికి పనికొస్తుంది. వాళ్ల మగవాళ్లు నీళ్లలోకి దిగి దాన్ని కోసుకొచ్చేవాళ్లు. ఇప్పటికీ రేవులో బోట్లకి స్పాంజీలు దండలుగా గుచ్చి వేలాడదీస్తారు. వీధిలో నడుస్తుంటే గ్రీకు మాటలు, కాఫీ వాసన, చేపల వాసన. నాకైతే మన జగన్నాథపురం వంతెన దిగి రేవులోకి వెళ్లినట్టే ఉంటుంది.

అక్కడ చేపలు కొనడానికి వెళ్లేదాన్ని. ఒకరోజు మొప్పలెత్తి చూసి, పొట్ట నొక్కి, "ఇది నిన్నటిది, ఇవాళ్టిది ఇవ్వండి" అంటున్నాను. పక్కనే కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ నవ్వుతోంది. "నీకు చేపలు చూడటం ఎవరు నేర్పారు?" అని అడిగింది. "మా నాన్న చేపల బోటు నడిపే సరంగు" అన్నాను. ఆవిడ పేరు ఎలేనీ. ఊరు చూడటానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని నడిపిస్తూ, కొట్టు కొట్టుకీ ఆపి తినిపిస్తూ, ఊరి కబుర్లు చెప్పడం ఆవిడ వ్యాపారం. ఫుడ్ టూర్ అంటారు దాన్ని. మోకాలికి ఆపరేషన్ అయి ఆవిడ నడవలేకపోతోంది. చికాగోలో ఉన్న కూతురేమో ఇక మూసేయమని పోరుతోంది. "మూసేసేముందు ఒకసారి ప్రయత్నిస్తాను, నాతో తిరిగి నేర్చుకుని నా బదులు నడిపిస్తావా" అంది. నేను సరేనని ఇంటికొచ్చి చెబితే రవి, "మనం గ్రీకులం కాదు కదే, వాళ్ల సంగతులు నువ్వేం చెప్తావ్" అన్నాడు. హాసిని మాత్రం, "అమ్మా, యూ గెట్ టు ఈట్ ఫర్ ఎ జాబ్?" అని ఎగిరింది.

కొన్ని వారాలు ఎలేనీ వెంట తిరిగాను. ఆవిడ కర్ర మీద మెల్లగా, నేను పక్కన మంచినీళ్ల సీసాలు మోస్తూ. ముందు రేవులో బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్. మన వలలో పడితే తీసి పారేసేవాళ్లు గుర్తుందా, ఇక్కడ నిమ్మకాయ పిండుకుని లొట్టలేస్తారు. తర్వాత స్పానకోపిటా, అంటే పల్చటి పొరల మధ్య పాలకూర, ఉప్పటి చీజ్ పెట్టి కాల్చినది. చివర్లో లుకుమాదేస్. అవి మన పునుగులే అనుకో, తేనెలో ముంచి దాల్చినచెక్క పొడి చల్లుతారు. నువ్వయితే గిన్నెడు తినేస్తావు.

అందరూ బాగానే పలకరించారు, ఒక్క బేకరీ స్తావ్రోస్ తప్ప. స్పానకోపిటా అతని దగ్గరే. అది లేకపోతే టూరే లేదు. బావగారి వయసుంటుంది. మంచివాడే కానీ మొహమాటం లేదు. ఒకసారి ఎలేనీ బయట ఉండగా నాతో అన్నాడు: "నీ మీద కోపం లేదమ్మా. కానీ మా తాతల సంగతులు ఎలేనీ చెప్తే ఒకలా ఉంటుంది. నువ్వు ఆవిడ రాసిచ్చింది అప్పజెప్తావు. నా కొట్లో అది నాకు ఇష్టం లేదు." అతను అన్నది నిజమే. నేను అప్పజెబుతున్నాను. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. ఇది నీకు ఫోన్‌లో చెప్పలేదు, బాధపడతావని.

నేను ఒక్కదాన్నే నడిపించిన మొదటి టూర్ పోయిన శనివారం. ఒహాయో నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు, కాలేజీ చదువుతున్న అమ్మాయిలు కొందరు, ఒంటరిగా వచ్చిన కేరల్ అనే ఆవిడ. ఒహాయో ఆయన ఎండని తిడుతూనే ఉన్నాడు. కేరల్ ఏమీ తినడం లేదు. ఆక్టోపస్ దగ్గర అన్నీ తడబడకుండానే చెప్పాను. ఒక అమ్మాయి మాత్రం, "ఇదంతా వెబ్‌సైట్‌లో చదివాను" అని పక్కదానితో అంటుంటే నాకు వినిపించింది.

బేకరీ వీధిలోకి తిరిగామో లేదో వాన మొదలైంది. ఇక్కడి వాన నీకు తెలియదు. ఎండ కాస్తుండగానే సముద్రం వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చి, ఉరుముతో పాటే మీద పడుతుంది. పరిగెత్తి వెళ్తే బేకరీ తలుపు మూసి ఉంది. లోపల దీపం కనిపిస్తోంది. తలుపు తట్టాను. స్తావ్రోస్ సగం తెరిచాడు. నల్ల కోటు వేసుకున్నాడు.

"ఈవేళ అమ్మకం లేదు. ఎలేనీ చెప్పలేదా?"

"చెప్పడం మర్చిపోయినట్టున్నారు. వాన తగ్గేదాకా నిలబడనివ్వండి చాలు. ఏమీ అడగం."

అతను కదల్లేదు. లోపల్నుంచి ముసలావిడ గొంతు గ్రీకులో ఏదో అంది. వాళ్లమ్మ కల్లియోపీ. ఎప్పుడూ కిటికీ దగ్గర నల్లబట్టల్లో కూర్చుని ఉంటుంది, ఇంగ్లీషు పెద్దగా రాదు. ఆవిడ మళ్లీ ఏదో అంది, ఈసారి గట్టిగా. స్తావ్రోస్ తలుపు తీశాడు.

లోపల బల్ల మీద తెల్లటి గుడ్డ, కొవ్వొత్తి, ఒకాయన ఫొటో. ముందు పెద్ద పళ్లెంలో గోపురంలా పేర్చి పైన పంచదార పొడి కప్పినదేదో ఉంది. "ఓ, కేక్" అంటూ ఒక అమ్మాయి ఫోన్ తీసింది. స్తావ్రోస్ ముఖం మారిపోవడం చూశాను. పళ్లెం అంచున ఉడికిన గోధుమలు, ఎండుద్రాక్షలు కనిపించాయి. నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది అక్కా. ఫొటో, దీపం, ముందు వండి పెట్టినది. మన ఇంట్లో పెద్దల అమావాస్యనాడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అది కేక్ కాదు" అన్నాను మెల్లగా. "ఈ ఇంటివాళ్లు పోయిన తమ పెద్దాయన్ని తలుచుకుంటున్నారు. ఫొటోలు వద్దు. ఫోన్లు లోపల పెట్టేయండి."

స్తావ్రోస్ నా వంక చూశాడు. కల్లియోపీ లేచి చిన్న కాగితం గిన్నెల్లో ఆ గోధుమలు పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని కోలివా అంటారట. మొదటిది నాకే ఇచ్చింది. అలవాటు కొద్దీ చెప్పులు విప్పి రెండు చేతులతో అందుకున్నాను. ఆవిడ నా కాళ్ల వైపు చూసింది, తర్వాత నా ముఖం వైపు చూసి ఏదో అడిగింది.

"తినేముందు పేరు చెప్పమంటోంది" అన్నాడు స్తావ్రోస్. "మా నాన్న పేరు కాదు. మీ ఇంట్లో పోయినవాళ్ల పేరు."

"సింహాద్రి" అన్నాను. "మా నాన్న. బోటు సరంగు. సముద్రం మీదే బతికాడు."

అతను తల్లికి చెప్పాడు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, "సిమాద్రి, సిమాద్రి" అని పలికి, కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలని అర్థమట. అక్కా, నాన్న పోయాక ఈ దేశంలో ఆ పేరు ఎవరి నోటా వినలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ తిన్నాను. తియ్యగా, కాస్త బాదం వాసనతో ఉంది.

తర్వాత నేనేమీ చెప్పకుండానే ఒక్కొక్కరూ ముందుకొచ్చారు. ఫోన్ తీసిన అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పేరు చెప్పింది. ఒహాయో ఆయన తనకి పోయినవాళ్లెవరూ లేరని కిటికీ దగ్గర నిలబడ్డాడు. కేరల్ గిన్నె పట్టుకుని, "టామ్" అంది. భర్తట. ఈ టూర్ టికెట్లు ఇద్దరి కోసం ఆయనే కొన్నాడట. ఆ రోజు ఆవిడ తిన్న మొదటి ముద్ద అదే.

వాన తగ్గలేదు. కల్లియోపీ తన భర్త మిహాలిస్ గురించి చెప్పసాగింది, స్తావ్రోస్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు. స్పాంజి కోసం నీళ్లలోకి దిగే రోజు పొద్దున ఆయన కాఫీ తప్ప ఏమీ ముట్టేవాడు కాదట. కడుపు నిండితే లోపల ఊపిరి కష్టమని. సాయంత్రం బోటు వచ్చేసరికి ఆవిడ రేవులోనే పొయ్యి పెట్టి వండేదట, ఇంటికి నడిచేదాకా ఆగలేడని. స్తావ్రోస్ మధ్యలో ఆగిపోయి, "ఇది నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "నువ్వు అడగలేదు" అంది ఆవిడ. అప్పుడు నేను మన నాన్న సంగతి చెప్పాను. వేటకి వెళ్లేరోజు టీ తాగి పోయేవాడనీ, తిరిగొచ్చాక నువ్వు వేడివేడిగా పులుసు పోస్తుంటే మాట్లాడకుండా తినేవాడనీ. నేను ఎలేనీ రాసిచ్చినవి ఒక్కటీ చెప్పలేదు. అందరూ వింటున్నారు. ఒహాయో ఆయన ఎప్పుడొచ్చాడో బల్ల దగ్గరికొచ్చి, "డెనిస్, మా తమ్ముడు" అని తన గిన్నె తనే అందుకున్నాడు.

సోమవారం నేను ఎలేనీ ఇంట్లో ఉండగా స్తావ్రోస్ వచ్చాడు. నాతోనే మాట్లాడాడు. "ఈసారి మనుషుల్ని ముందు నా దగ్గరికి తీసుకురా. ఆకలి మీద ఉన్నప్పుడే స్పానకోపిటా రుచి తెలుస్తుంది. మా నాన్న సంగతి నువ్వే చెప్పు, అమ్మ చెప్పినట్టే." అతను వెళ్లాక ఎలేనీ కూతురికి ఫోన్ చేసి టూర్ మూయడం లేదని చెప్పేసింది. శనివారాలన్నీ ఇకనుంచి నావే. చూశావా, నీ చెల్లెలు బాగానే ఉంది. నిజంగానే బాగున్నాను, నమ్ము.

ఎలేనీ మన చేపల పులుసు తింటానంది. నువ్వు మెంతులు ఎప్పుడు వేస్తావో, చింతపండు ఎంత పులుపు ఉండాలో రాయి. నేను చేస్తే ఎప్పుడూ కాస్త చేదొస్తోంది. బావగారిని నీతోపాటు పాస్‌పోర్ట్‌కి అప్లై చేయమను. వీసా సంగతి తర్వాత చూద్దాం, ముందు అది చేతిలో ఉండాలి. పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు, ఎండలో బయటికి రావద్దను. రవి మీ ఇద్దరినీ అడిగానని రాయమన్నాడు.

ఇందాక ముగ్గురం రేవు వైపు నడకకి వెళ్లాం. బేకరీ దాటుతుంటే కిటికీలోంచి కల్లియోపీ, "పద్మా" అని వీధి అంతా వినపడేలా పిలిచి చెయ్యూపింది.

"అమ్మా, హూ ఈజ్ దట్? నీకు తెలుసా ఆమె?" అంది హాసిని.

"మనవాళ్లే" అన్నాను.

నీ దీవెన నా మీద ఎప్పుడూ ఉండాలని కోరుకుంటూ,

నీ చెల్లెలు
పద్మ