అవ్వ కొట్టిన టెంకాయ

ధర్మవరం.

నవీనక్కా,

ఫోన్లో చెబితే అవ్వ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. టీవీకి తగిలించే కొత్త వీడియో గేమ్ మిషన్ కొని, ఇంత వయసొచ్చి కూడా, చూద్దురు రండని వీధంతటినీ పిలిచాను. అవ్వ దానికి కుంకుమ పెట్టి టెంకాయ కొడితే కుళ్లు కాయ వచ్చింది. గేమ్ మొదలుపెట్టగానే హీరో నేలలోకి కూరుకుపోయాడు. మిషన్ ఆగిపోయింది.

"నా టెంకాయ కుళ్లిండబట్టే ఇట్లయిందప్పా" అంటూ అవ్వ రోజూ దానికి దండం పెడుతోంది. కంపెనీవాళ్లు గేమ్ తయారీ పూర్తికాకుండానే అమ్మారనీ, మిగతాది తర్వాత ఇంటర్నెట్‌లో పంపుతారనీ, అది తెలిసే కొన్నాననీ చెప్పడానికి సిగ్గుతో నోరు రావడం లేదు.

పెనుకొండలో నీ దగ్గరున్న మన చిన్ననాటి క్యాసెట్ల గేమ్ మిషన్ పంపు. అవ్వ మళ్లీ టెంకాయ కొడుతుంది. క్యాసెట్ దుమ్ము ఊది పెడితే చాలు, ఈసారి కాయ కుళ్లినా ఆ మిషన్ ఆడుతుంది.

నీ తమ్ముడు