ప్రార్థన మనవి

బందరు,
జూలై 14, మంగళవారం.

ఇడ్లీ పిండి రుబ్బాను. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. బియ్యం ఏరి డబ్బాకెత్తాను. నీకు ఏడుసార్లు ఫోన్ చేశాను.

ప్రియమైన చెల్లెలు రావమ్మకు, అక్క వందనాలు.

ఫోన్ ఎత్తడం లేదు కనుక రాస్తున్నాను. మరిది గారు మళ్లీ తాగుతున్నారని నువ్వు ఏడిస్తే తట్టుకోలేకపోయాను. అందుకే పోయిన బుధవారం మా చర్చి స్త్రీల కూడికలో ప్రార్థన మనవిగా పెట్టాను. పేరు చెప్పలేదు. "అవనిగడ్డలో సంఘ పెద్దగా ఉన్న మా చెల్లెలి భర్త" అన్నానంతే. పద్నాలుగు మంది కన్నీళ్లతో ప్రార్థించారు. మీ సంఘం దాకా వస్తుందనుకోలేదు. మీ మేలు కోరే చేశాను.

ప్రేమతో,
సంతోషమ్మ

అవనిగడ్డ,
జూలై 18.

అక్కకు,

నీకున్నది ఒక్క చెల్లెలు. ఇంక పేరెందుకు?

ఆదివారం పాస్టరు గారు ఆయన్ని పక్కకు పిలిచి, "ప్రకాశరావు గారూ, ఈ నెల ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచడానికి మీరు రావద్దండీ" అన్నారు. ఆయన వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. గుడివాడ హాస్టల్లో మా వర్షిణిని పక్క మంచం పిల్ల అడిగిందట, "మీ నాన్న కోసం మా అమ్మ ఉపవాసం ఉంటోంది. మానేశారా ఇంతకీ?" అని.

తొమ్మిదేళ్లుగా మానేసిన మనిషి, జూన్‌లో వాళ్ల అన్నయ్య చనిపోయిన వారంలో రెండుసార్లు తాగారు. అది నీ ఒక్కదానికే చెప్పాను. మేలు అనకు.

రావమ్మ

బందరు,
జూలై 30.

ప్రియమైన రావమ్మకు,

మూడు జవాబులు రాసి చించేశాను. మూడింట్లోనూ "కానీ" ఉంది.

మనవులు రాసుకునే నా పుస్తకం తీశాను. తేదీ, పేరు, కష్టం, అన్నీ గీతలు గీసి మరీ రాశాను. రెండేళ్లలో నలభై ఒక్క మనవులు. ఒక్కటీ నాది కాదు. ఆ బుధవారం నేను లేవగానే అందరూ నా వైపు తిరిగారు. నాకది బాగుంది. నీ కష్టం చెబుతూ నేను లోపల సంతోషించాను, రావమ్మా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

నిన్న కూడికలో మళ్లీ లేచాను. లక్ష్మీకాంతం ముందుకు వంగి, "చెల్లెలి సంగతేమైనా తెలిసిందా అక్కా?" అంది. "నా నోటి కోసం ప్రార్థించండి. నన్ను నమ్మి చెప్పిన మాట తెచ్చి ఇక్కడ పెట్టాను" అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

మరిది గారిని క్షమాపణ అడగాలి. నువ్వు రమ్మంటేనే వస్తాను.

సంతోషమ్మ

అవనిగడ్డ,
ఆగస్టు 9.

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "మీ అక్కకి చెప్పిందెవరు?" అన్నారు. అంతే. టీ గ్లాసు కడిగిపెట్టి పనికి వెళ్లిపోయారు.

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. నీకు ఫోన్ చేసినప్పుడు "ప్రార్థన చెయ్యక్కా" అనే మొదలుపెట్టాను. నాకు కావలసింది ప్రార్థన కాదు. నేనెంత ఓర్చుకుంటున్నానో ఒకరు వినాలి. అన్నను సమాధి చేసి వచ్చిన మనిషితో ఒక్క మంచి మాట మాట్లాడలేదు. నువ్వు పద్నాలుగు మందికి చెప్పావు. మొదటి మనిషికి చెప్పింది నేను.

ఈ పొద్దున అన్నం పెడుతూ ఇదంతా ఆయనతో చెప్పి, క్షమించమన్నాను. కలిపిన ముద్ద చేతిలో అలాగే ఉంచుకుని, "ఆ రెండు రోజుల తర్వాత ముట్టుకోలేదు. నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నారు. ఆ ముద్ద తిని, "పులుసు వెయ్యి" అన్నారు.

"వచ్చే ఆదివారం వదినని రమ్మను" అన్నది కూడా ఆయనే. నీ మాట నువ్వే చెప్పుకో. ఆయనకు నేను పడ్డ బాకీ మాత్రం తీరింది.

నీ చెల్లెలు,
రావమ్మ