పన్నెండు వరుసల గునుగు

కరీంనగర్,
దసరా సెలవులకు ముందు రోజు, పొద్దున

వృక్షశాస్త్రం పర్శరాములు సార్‌కు, విద్యార్థి సంక్షేమ అధికారి రోజారాణి నమస్కారాలు.

సార్, మీ మనసు వెన్న! "పర్శరాములు సార్ తోటల గునుగు విరగబూసింది మేడం" అని పిల్లలు చెబితే నమ్మలేదు. హాస్టల్‌లో బతుకమ్మ పేర్చడానికి ఏటా పూల కోసం ఊరంతా తిరిగేవాళ్లం. ఈసారి నలభై మంది పోయి పన్నెండు వరుసలూ కోసుకొచ్చారు. అధ్యాపకులు మా విభాగాన్ని పట్టించుకోరని ఇన్నాళ్లూ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం ఆటకు తప్పక రండి.

ఇట్లు,
సంతోషంతో రోజారాణి

తా.క.: ఒక్క కొమ్మ కూడా వదల్లేదు. మీ కష్టం వృథా పోలేదు.

*

మధ్యాహ్నం

రోజారాణి మేడంకు, నెత్తి పట్టుకొని కూర్చున్న పర్శరాములు రాయునది.

కొంప ముంచారు మేడం! అది పూలతోట కాదు, మా ఎమ్మెస్సీ విద్యార్థిని సమ్మక్క ప్రాజెక్టు. జైనూర్ నుంచి వచ్చిన పిల్ల, జూన్ నుంచి ఆ వరుసల్ని కంటికి రెప్పలా చూసుకుంది. మీకు గునుగు పువ్వే, మాకది చేలల్లో కలుపు మొక్క; ఏ ఎరువుకు ఎంత పెరుగుతుందో వరుసవారీగా కోసి తూచాలి. సెలవులు కాగానే ఆ లెక్క ఇవ్వకపోతే ఎమ్మెస్సీ పట్టా ఆగిపోతుంది. ఇప్పుడు ఏ వరుస ఏ బతుకమ్మలో కలిసిందో ఎవరికి తెలుసు? ఒక్క బతుకమ్మ కూడా నీళ్లలోకి పోవద్దు. తరాజు తీసుకొని వస్తున్నాను.

ఇట్లు,
పర్శరాములు

తా.క.: బంతి, తంగేడు తీసేసే తూస్తాను. భయపడకండి.

*

మూడు గంటలకు

పర్శరాములు సార్‌కు, రోజారాణి జవాబు.

బతుకమ్మను తరాజులో పెడతారా! మా వంట రామవ్వ విని, "గా సార్ ఎట్ల వస్తడో నేనూ చూస్త" అని చీపురుతో గేటు దగ్గర కూర్చుంది. ప్రాజెక్టు అని ఒక బోర్డు పెట్టొద్దా సార్? పిల్లను తలుచుకుంటే ఏడుపొస్తోంది. పట్టా ఆగితే ఆ పాపం నాదే.

ఇట్లు,
రోజారాణి

తా.క.: మన ఉత్తరాలు మోస్తున్న అటెండర్ నాగయ్య అంటున్నాడు: "మీ ఇద్దరి నడుమ ఒక్క గోడనే ఉంది మేడం. జర మాట్లాడుకోరాదుండ్రి? నా కాళ్లు గుంజుతున్నయి."

*

సాయంత్రం

రోజారాణి మేడంకు, సిగ్గుపడుతూ పర్శరాములు రాయునది.

రామవ్వ చీపురు దాటి లోపలికి పోతే సమ్మక్కే ఎదురైంది, చేతిలో నోటుబుక్కుతో. "వరుస వరుస కోసినం సార్. మెస్సు తరాజు మీద తూసి, రాసుకున్నంకనే బతుకమ్మ పేర్చినం" అంది.

"మరి నాకు చెప్పొద్దా?" అన్నాను.

"కోతకు మనుషులు గావాలని పదిహేను దినాల కిందనే మీకు దరఖాస్తు ఇచ్చిన సార్. మేడంను అడుగుమన్నరు. మేడం మిమ్మల్ని అడుగుమన్నరు. తిరిగి తిరిగి యాష్టకొచ్చి, పూలున్నయని హాస్టల్ల జెప్పిన. నలభై మంది ఉరికొచ్చిండ్రు."

నా గదికి తిరిగొచ్చి సొరుగు వెతికాను. దరఖాస్తు ఉంది. కింద నా చేతిరాతే: 'సంక్షేమ విభాగాన్ని సంప్రదించవలెను.' మీ సొరుగు కూడా ఒకసారి చూడండి మేడం.

పట్టాకు ఢోకా లేదు. వచ్చే ఏడు ఇద్దరం కలిసి ఇరవై నాలుగు వరుసలు వేయిద్దాం. ఈ ఉత్తరం నాగయ్యకు ఇవ్వలేదు, నేనే తెస్తున్నాను. చదివి బయటికి రండి, ఆట మొదలైంది.

ఇట్లు,
మీ గోడ అవతలి పర్శరాములు

తా.క.: ఆ ప్రాజెక్టు నోటుబుక్కు మొదటి పేజీలో సమ్మక్క అప్పుడే కృతజ్ఞతలు రాసేసింది. నలభై మంది పేర్లున్నాయి, రామవ్వ, నాగయ్య పేర్లు కూడా ఉన్నాయి. మన పేర్లు లేవు. ఎందుకమ్మా అంటే, "మేడంను అడుగుండ్రి సార్" అని నవ్వింది.