ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డ అయిదు రాళ్ళు

డార్విన్,
శుక్రవారం

పెద్దక్కకి, నీ చిన్న చెల్లెలు షమీమ్ సలాములు. బావ మోకాలు ఎలా ఉంది? బెల్టు కట్టుకుంటున్నాడా, మంచం కింద పడేశాడా? మేం ముగ్గురం బానే ఉన్నాం. కంగారు పడకు, నిజంగానే బావున్నాం. ఫోన్లో చెబితే మధ్యలోనే ఏడ్చేస్తాను, అందుకే కాగితం పట్టుకున్నా. టర్కీ నుంచి వచ్చి వారమైంది, హాస్పిటల్లో డ్యూటీకి కూడా వెళ్తున్నా, ఇంకా దడ తగ్గలేదక్కా.

పది రోజులు సముద్రం ఒడ్డు వెంబడే కార్లో తిరిగాం. ఒక పక్క నీలంగా నీళ్ళు, ఇంకో పక్క ఎప్పుడో రెండు వేల ఏళ్ళ కిందటి ఊళ్ళు. కప్పుల్లేవు, స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి. మీ మరిదికి రెండో ఊరికే కాళ్ళు పీకాయి. "అన్నీ ఒకేలా ఉన్నాయి, టీ ఎక్కడ దొరుకుద్ది?" అని గోల. పొద్దున్నే చీజూ ఆలివ్ కాయలూ తినలేక చచ్చాం, ఆవకాయ సీసా ఉండబట్టి బతికాం.

మూడో చోట పాతకాలం నాటకాలాడే చోటుంది, చుట్టూ రాతి మెట్లు. నేనూ మా హసీనా నీడలో కూర్చున్నాం. కాళ్ళ దగ్గర మట్టిలో చిన్న రాళ్ళు, రేగ్గాయంత, అన్నీ ఒకే సైజులో, అరిగి నున్నగా. నా చేతులు ఊరుకుంటాయా? అయిదు ఏరి అచ్చంగాయలు మొదలెట్టా. ఒకటి పైకెగరేసి, కింద నాలుగూ ఒక్క ఊడ్పులో ఊడ్చి, పైది పట్టానా, మా పిల్ల నోరు తెరిచింది! పంతొమ్మిదేళ్ళది, నా పక్కన అయిదు నిమిషాలు కూర్చోనిది, గంటసేపు కదిలితే ఒట్టు. "వన్ మోర్ మమ్, వన్ మోర్" అని. ఆ సంతోషంలో ఆ రాళ్ళని దాని బ్యాగు చిన్న అరలో వేశాను. నేనే అక్కా. దానికి ఆ సంగతి కూడా తెలీదు.

తిరిగొచ్చే రోజు అక్కడి ఎయిర్‌పోర్టులో ఆ బ్యాగు ఆపేశారు. అయిదు రాళ్ళూ బల్ల మీద పెట్టి ఒకాయన భూతద్దం పెట్టి చూశాడు. ఆ కాలంలో నేల మీద బొమ్మలుగా పేర్చడానికి కోసిన ముక్కలంట అవి! తీసుకెళ్తే దొంగతనమేనంట, కేసంట, జైలు కూడా ఉందంట. మీ మరిది కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరు తీశారు?" అనడిగాడు ఆ భూతద్దం ఆయన.

కేసు పడితే నా నర్సు రిజిస్ట్రేషన్ పోద్ది, ఇన్నేళ్ళ ఉద్యోగం పోద్ది. అల్లా సాక్షిగా, అదొక్కటే నా బుర్రలో ఉంది. హసీనా నా మొహం చూసింది. చూసి, "నేనే తీశాను. ఆడుకోడానికి. తప్పని తెలీదు" అంది. లా చదివే పిల్లక్కా! కేసంటే నాకంటే దానికే ముప్పు. దాన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. నేను అప్పటికీ గుడ్లప్పగించి చూస్తానే ఉన్నా.

"ఆ పిల్లకి ఆ ఆట నేర్పింది ఎవరు షమీమ్?" అన్నాడు మీ మరిది. అప్పుడు కదిలాయి నా కాళ్ళు. తలుపు బాది, నేనే తీశాను, నేనే వేశాను అని బావురుమన్నాను. పెద్దాఫీసరు నమ్మలేదు. కూతురి కోసం నేరం మీదేసుకుంటున్నానని అనుకున్నాడు. రాళ్ళు తీసుకుని, కాగితం మీద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి వదిలేశాడు. పోయేటప్పుడు నా వైపు చెయ్యి చూపించి హసీనాతో అన్నాడూ, "మీ అమ్మ మంచి తల్లి" అని. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

విమానంలో దాని చెయ్యి పట్టుకున్నా. అదే ముందు అంది: "నువ్వు చెప్పబోతున్నావ్ మమ్, నాకు తెలుసు. నేనే తొందరపడ్డాను."

నేను అవునన్నాను.

ఈసారి పార్సిల్లో పచ్చళ్ళు పంపకు, బ్యాగులు విప్పే మనుషులంటేనే వణుకొస్తంది. బావకీ, మీ అత్తగారికీ సలాములు చెప్పు. నమాజులో హసీనా పేరు తల్చుకో, ఆ తర్వాతే నాది. ఆ రోజు నుంచి అది నన్ను ఒక్క మాట అనలేదు, మీ మరిదీ అనలేదు. నువ్వయినా నన్ను తిట్టి ఉత్తరం రాయక్కా.

నీ చెల్లెలు,
షమీమ్