చింతపండుతో తోమిన రాగి బిళ్ళ

పబేడాన్, యాంగోన్
ఆదివారం

పెద్దక్కకు, బావగారికి చెల్లెలు రమణి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఈ పూటకు మేమందరం క్షేమమే. రాజ్యం సైన్యం చేతికి పోయింది, ఇంటర్నెట్ తీసేశారు. ఫోను ఎప్పుడు పలుకుతుందో దానికే తెలియదు. అందుకే ఇన్నేళ్ళకు కాగితం పట్టుకున్నాను.

ఎండలు మండిపోతున్నాయి. బియ్యం, పప్పు ఉన్నాయి, బెంగ పెట్టుకోకు. మీ మరిది తన్లిన్ రేవులో పనికి వెళ్ళి, వంతెన మూసేయడంతో అక్కడే చిక్కుకున్నాడు. బాగానే ఉన్నాడని కబురొచ్చింది. సాయంత్రమైతే వీధి వీధంతా సైనికుల మీద కోపంతో గిన్నెలు, పళ్ళేలు మోగిస్తారు. లారీ చప్పుడు వినపడగానే లైట్లు తీసేసి ఊపిరి బిగపడతాం. బల్లి మీద పడితే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని కదా, ఇప్పుడు అరవడం కూడా మరిచిపోయాను.

పాత నాణేల బిళ్ళలమ్మే ఇంటికి కోడలిగా పోతున్నావని నవ్వావు, గుర్తుందా? మావయ్యగారి కళ్ళకు శుక్లాలు కమ్మాక ఆ కొట్టుకు నా కళ్ళే ఆధారం. పాత అమెరికా రాగి బిళ్ళలంటే ఆయనకు ప్రాణం. ఒకప్పుడు ఓడల మీద, పాదిరీల పెట్టెల్లో వచ్చాయట. అంచు పట్టుకోవాలి, ముఖం మీద వేలు పడకూడదు. బిళ్ళ మీది ఆడమనిషికి నుదుటి పైన జుట్టు చూడాలి, అరుగుదల మొదలయ్యేది అక్కడే. వెనక్కి తిప్పి ఆకుల దండలో ఈనెలు చూడాలి. గుంటలు పడితే మట్టిలో ఉండి వచ్చిందన్నమాట. కాఫీ డికాక్షన్ రంగులో ఉంటే మంచిది. తోమినదైతే ఆయన చేత్తో కూడా ముట్టరు. "రంగే దాని పేనం. అది పోనాక ఇంకేటుందమ్మా?" అంటారు.

మా పై వాటాలో ఉండే పిల్ల గురించి చెప్పానుగా, నాకు బర్మా భాష నేర్పిన పంతులమ్మ. పేరు రాయను. నెల కిందట తన ముత్తాత నాటి బిళ్ళ తెచ్చి చూపించింది. పాత వెండి రూపాయంత ఉంది. జుట్టు పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి, అంచున అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు. చెంప కింద మాత్రం సన్నటి గీత ఉంది. చూసింది చూసినట్టు చెబితే మావయ్యగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో ఇలాంటిది ఇంకొకటి చేతికి రాలేదన్నారు. "దాసుకో తల్లీ" అని వెనక్కి ఇచ్చేశారు.

ఆ పిల్ల సైన్యానికి వ్యతిరేకంగా జరిగే ఊరేగింపుల్లో తిరుగుతోందని మాకు తెలుసు. పోయిన వారం సంచౌంగ్ పేటలో తుపాకులు పేలిన రోజున పరుగెత్తుకుంటూ వచ్చి, తన వాటాలో వెతుకుతారేమోనని మా ఇంట్లో దూరింది. సంచి దారిలో జారిపోయిందట. బిళ్ళ అందులోనే ఉంది. అత్తయ్యగారు ఆమెకు నా చీర కట్టి, బొట్టు పెట్టి, వంటింట్లో కూర్చోబెట్టారు.

మూడో రోజు పొద్దున్న ఒక ఆఫీసరు, ఇద్దరు తుపాకుల వాళ్ళు ఇంటి ముందరి కొట్లోకి వచ్చారు. ఆఫీసరు బల్ల మీద బిళ్ళ పెట్టాడు. చెంప కింద గీత. నా పై ప్రాణాలు పైనే పోయాయి అక్కా.

"సంచిలో దొరికింది. ఇలాంటిది ఎవరి దగ్గరుందో మీకు తెలియకుండా ఉంటుందా?" అన్నాడు బర్మాలో.

మామూలు బిళ్ళ అంటే ఎవరిదైనా కావచ్చు. అరుదైనదంటే ఒక్క మనిషిదే. ఆ మనిషి గోడకు అవతల ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇవి ఫుట్‌పాత్ మీద బోలెడు దొరుకుతాయి" అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది. వాడు నమ్మలేదు. బిళ్ళ మావయ్యగారి చేతిలో పెట్టి, "మీరు చెప్పండి, ఊలే" అన్నాడు. ఊలే అంటే ఇక్కడ బాబాయి అన్నట్టు.

మావయ్యగారికి అబద్ధం ఆడడం రాదు, బిళ్ళల విషయంలో అసలే రాదు. అంచు మీది అక్షరాలను వేలితో తడిమారు. అది ఎవరి బిళ్ళో ఆయనకు అర్థమైపోయింది. ఆయన లోపలికి తిరిగి కేకేశారు.

"ఏటే, కూసింత సింతపండు, ఉప్పు అట్రా! మసిబారిపోనాది, ఏటీ అగుపడ్డం నేదు."

అత్తయ్యగారు గిన్నె తెచ్చారు. శుక్రవారం పూజకు చెంబు తోమినట్టు తోమారు అక్కా మావయ్యగారు ఆ బిళ్ళను! ముఖం మీద, జుట్టు మీద, బొటనవేలితో రుద్ది రుద్ది తోమారు. కడిగి తుడిచేసరికి నిన్న పోతపోసినట్టు మెరిసిపోతోంది. "చూడండి, కొత్తది. ఇలాంటివి పిల్లలకు ఆడుకోవడానికి అమ్ముతారు" అన్నారు బర్మాలో. ఆఫీసరు నవ్వి బిళ్ళను బల్ల మీదకు విసిరేశాడు. గుమ్మం దాటుతూ, "ఇంట్లో ఉండేవాళ్ళ జాబితా చూడటానికి మళ్ళీ వస్తాం" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మావయ్యగారు ఆ పులుపు చేతులతోనే ముఖం కప్పుకున్నారు. "నా సేత్తో నానే సంపీసినానమ్మా" అని ఏడ్చారు. ఆ పిల్ల వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఏటా ఏడుపు! రాగిముక్క పోతే పోనీ, మడిసి దక్కినాది కదా" అని అత్తయ్యగారు కసిరారు గానీ, ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి.

జాబితాలో లేని మనిషి ఇంట్లో దొరికితే అందరినీ పట్టుకుపోతారు. అందుకే ఆ పిల్ల ఈ రోజు కూరగాయల లారీలో మిజోరం సరిహద్దు వైపు బయలుదేరుతోంది. ఉత్తరం ఆమెకే ఇస్తున్నాను. దారిలో దొరికినా ఈ అక్షరాలు చదవడం ఎవరికీ రాదని తెగించి అంతా రాశాను. సరిహద్దు దాటాక అక్కడి పోస్టులో వేస్తుంది. దారి పొడుగునా సోదాలే. భయంగా ఉంది అక్కా, నా జన్మలో ఇంత భయపడలేదు.

మావయ్యగారి కంటి చుక్కల మందు అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. అమ్మకు ఇవేవీ చెప్పకు. పెదనాన్నగారికి, పిన్నికి నా దండాలు. నీ దీవెన నాకొక్కదానికే కాదు, ఆ పిల్లకూ కావాలి.

ఇది నీ చేతికి వచ్చిందంటే ఆమె దాటింది. ఆ సంగతి నీకు తెలుస్తుంది, మాకు తెలియదు. ఫోను కలిసేదాకా చేస్తూనే ఉండు. కలిశాక ఏమీ అడగకు. ఉత్తరం అందిందని ఒక్క మాట చెప్పి పెట్టెయ్.

నీ చెల్లెలు
రమణి