రొద్దం బడి గోడ

నారాయణమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన సీనడు మిలిటరీ నుంచి వచ్చేస్తే చాలు అనేదానివి. వచ్చేశాడు. ప్రభుత్వ కాంట్రాక్టులు పట్టాడు. మొదటి పని రొద్దంలో బడికి ప్రహరీ గోడ. దీని బిల్లు పాసైతేనే ఇంకో పని దొరికేది.

పోయిన నెల బిల్లు పాస్ చేసే ఇంజనీరు వచ్చి, "గోడ బాగలేదప్పా, కొంచెం చూసుకో" అన్నాడు. అంటే చేతిలో ఏదన్నా పెట్టమని. మేస్త్రీకి అర్థమైంది, పక్కనే ఉన్న నాకూ అర్థమైంది. మనవాడు మాత్రం అటెన్షన్‌లో నిలబడి "సరే సార్" అన్నాడు. లక్షణమైన గోడను పడగొట్టించి మళ్లీ కట్టించాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

నిన్న ఇంజనీరు మళ్లీ వచ్చాడు.

"ఎవురప్పా పడగొట్టమన్యాది?"

"మీరే సార్. బాగలేదంటిరి కదా."

ఆయన బిల్లు మీద సంతకం పెట్టి పోయాడు.

పెనుకొండ బస్సులో వాడికి మెల్లగా చెప్పాను. "ఆయప్ప అడిగింది లంచం రా."

"తెలుసు నాయనా. ఇచ్చేదానికంటే ఇంకోసారి కట్టేదే మేలు అనుకున్యా."

మిగిలేదంతా ఆ రెండో గోడలోనే పోయింది. ఇప్పుడు ధర్మవరంలో ఇంకో టెండరు వేస్తాడంట. ఈ మొండితనం నాది కాదు, నాకు ఎవరి ముందూ నోరు లేవదు. ఇది అచ్చం నీదే. నువ్వుంటే నిన్నే తిట్టేవాణ్ణి.