రాని వాళ్ళ ఎత్తు

జూన్ 3, సోమవారం

కొత్త పని అంటగట్టారు. బడి పిల్లలకు రోజూ ఇచ్చే గ్లాసుడు పాలు ఉంచాలా తీసేయాలా అని ప్రభుత్వం మా పరిశోధన సంస్థని అడిగింది. నెలాఖరుకి రిపోర్ట్ ఇవ్వాలి.

అడగడం పేరుకే. ఆర్థిక శాఖ నుంచి ఒక ఆఫీసర్ వచ్చాడు. మేం చాటుగా ఆయన్ని కత్తెర గారు అంటాం. నలభై ఐదేళ్ళ కిందట కూడా ఒకసారి కొన్నేళ్ళు పాలు ఆపారట. పిల్లలకేం కాలేదట, పైగా ఎత్తు పెరిగారట. అప్పటి కమిటీ రిపోర్టే ఉంది కదా, దాన్నే కాస్త దులిపి ఇవ్వమన్నాడు. అదేమన్నా పాత దుప్పటా దులపడానికి?

పాలు మానేస్తే ఎత్తు పెరుగుతారా! అయితే తిండి కూడా మానిపిస్తే తాడిచెట్లంత అవుతారు.

జూన్ 6, గురువారం

రికార్డ్ రూములో నాలుగు గంటలు. తుమ్మి తుమ్మి ముక్కు ఊడొచ్చింది. అప్పట్లో ప్రతి బడీ ఏటా పిల్లల ఎత్తులు కొలిచి, హాజరు పట్టీతో కలిపి పంపేది. ముప్పై రెండు బడుల కట్టలు దొరికాయి. కమిటీ వాళ్ళు ఎత్తుల కాగితాలే తీసుకున్నారు. హాజరు పట్టీల మీద ముడి విప్పిన పాపాన ఎవరూ పోలేదు.

జూన్ 11, మంగళవారం, మధ్యాహ్నం 3

దొరికింది. ఒళ్ళు మండిపోతోంది.

ఒక బడి. పాలు ఇచ్చిన ఏడు మూడో తరగతిలో 52 మంది. ఎవరేజ్ ఎత్తు 121 సెంటీమీటర్లు. పాలు ఆపిన మరుసటి ఏడు మూడో తరగతి ఎవరేజ్ 123. నిజమే, పెరిగింది. కానీ పిల్లలెంతమంది? 35.

వెనక్కి వెళ్ళి చూశాను. రెండో తరగతిలో ఉండి మూడుకి రాని పేర్లు పదిహేడు. వాళ్ళలో పద్నాలుగు మంది క్లాసులో అందరికన్నా పొట్టివాళ్ళు. అంటే బొత్తిగా తిండిలేని ఇళ్ళ పిల్లలు. పాలు ఆగగానే బడి మానేశారు. మిగిలిన వాళ్ళని కొలిచి, ఆహా పెరిగారు అని రాసుకున్నారు మహానుభావులు. మొద్దు పిల్లల్ని పరీక్షకి రానివ్వకుండా పాస్ పర్సంటేజ్ పెంచినట్టుంది.

ఒక్క పిల్ల కూడా ఒక్క సెంటీమీటర్ ఎక్కువ పెరగలేదు.

అదే రోజు, సాయంత్రం

అమ్మకి చెప్పాను, కడుపులో ఆగక. అమ్మ చిక్కుళ్ళు వలుస్తూ, ఆ పాలు నేనూ తాగానే అంది. సగం తాగి, సగం తమ్ముడికి గ్లాసుతోనే ఇంటికి పట్టుకొచ్చేదట. పాలు ఆగాక అమ్మమ్మ, ఇక బడికెళ్ళి ఏం ఒరగబెడతావు, తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చో అందట. అంతే, మూడో తరగతి చూడలేదు.

ఇన్నేళ్ళూ అమ్మ, నాకు చదువబ్బలేదే అనేది. నేను నవ్వేదాన్ని. బ్యాంకు ఫారం నింపడం రాదని ఎన్నిసార్లు విసుక్కున్నానో. నాకు సిగ్గేసింది. చిక్కుళ్ళు నేను వలుస్తానన్నాను. నీకు రాదులే అంది.

జూన్ 14, శుక్రవారం

ముప్పై రెండు బడులూ పూర్తయ్యాయి. ఇరవై ఏడింట్లో ఇదే కథ. పద్దెనిమిది పేజీల చాప్టర్ రాశాను. ఒక్క విశేషణం వాడలేదు. వాడితే బూతులే వచ్చేలా ఉన్నాయి.

జూన్ 18, మంగళవారం

డైరెక్టర్ గారు పిలిచారు. నాకు లెక్కల్లో ఓనమాలు దిద్దించిన గురువు, రిటైరయ్యాక కూడా ఇక్కడే కొనసాగుతున్న పెద్దాయన. చాప్టర్ బాగుందన్నారు. కానీ అప్పటి కమిటీని మరీ తప్పు పట్టావేమో అన్నారు. నేను ఎవరి పేరూ రాయలేదే అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

చివరికి చెప్పారు. అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరారట. ఆ ఎవరేజులు కట్టింది ఆయనే.

“వచ్చినవాళ్ళనే కొలవమన్నారమ్మా. రాని వాళ్ళని ఎలా కొలుస్తాం?”

మా అమ్మ సంగతి చెప్పాను. ఒక్క మనిషి డేటా కాదు అన్నారు. అది నాకు నేర్పిందీ ఆయనే. ఈసారి మాత్రం మింగుడుపడలేదు.

జూన్ 24, సోమవారం

రిపోర్ట్ ప్రూఫ్ వచ్చింది. నా పద్దెనిమిది పేజీలు ఒక ఫుట్‌నోట్ అయ్యాయి. ‘హాజరు విషయమై మరింత అధ్యయనం అవసరం.’ అట్ట మీద మాత్రం నా పేరు భేషుగ్గా ఉంది. చాప్టర్ అయినా పెట్టండి, పేరైనా తీసేయండి అని రాసిచ్చాను.

జూన్ 25

పేరు తీసేశారు.

జూన్ 28, శుక్రవారం

పిలవని పేరంటానికి వెళ్ళినట్టు, రిపోర్ట్ అప్పగించే మీటింగుకి వెళ్ళాను. చాప్టర్ ముప్పై కాపీలు తీసి కుర్చీకొకటి పెట్టాను. లేచి మాట్లాడాను కూడా. పొట్టి పిల్లల్ని బడి మాన్పించి ఎత్తు పెంచకండి అన్నాను.

కత్తెర గారు ఓపిగ్గా విన్నాడు. బడికి రాని పిల్లలు ఈ పథకం పరిధిలోకి రారు అన్నాడు. తలలు ఊగాయి. డైరెక్టర్ గారి వైపు చూశాను. ఆయన ఒక్క మాటంటే చాలు, ఆ లెక్క కట్టింది నేనే, తప్పు కట్టాను అని. నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఇంత పెద్దమనిషి! ఇంతేనా!

కాపీలు ఇరవై మూడు కుర్చీల్లోనే మిగిలాయి. ఏడుగురు తీసుకెళ్ళారు, చదవడానికో చెత్తబుట్టకో.

జూలై 4, గురువారం

పాలు ఆపుతూ ఆర్డర్ వచ్చింది.

అమ్మకి చెప్పాను. ఇప్పుడు ఎవరి తమ్ముణ్ణి ఎవరెత్తుకుంటారో అంది.

జనవరి 9

బడుల నుంచి కొత్త కొలతలు వచ్చాయి. మూడో తరగతి ఎవరేజ్ ఎత్తు పోయినేటి కన్నా ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగింది. కత్తెర గారు ఆఫీసంతటికీ మిఠాయి పంపాడు.

హాజరు పట్టీలు ఏవి అని అడిగాను. ఈ ఏటి నుంచి అవి పంపక్కర్లేదట.